జీవితకాల పురస్కార విందులో ఒక స్టాటిస్టీషియన్ గురించి ఎనిమిది నిమిషాలు: ఏం చెప్పాలి, ఏం వదిలేయాలి?

యాదృచ్ఛిక

అందరికీ నమస్కారం. నాకు బయోస్టాటిస్టిక్స్ (వైద్య పరిశోధనల్లో వాడే గణాంకశాస్త్రం) నేర్పిన మేడమ్‌కి మా వృత్తి సంఘం జీవితకాల సాఫల్య పురస్కారం ప్రకటించింది. వచ్చే నెలలో విందు, అక్కడే పురస్కార ప్రదానం. ఆవిడని వేదిక మీదికి పిలిచే ముందు ఎనిమిది నిమిషాలు మాట్లాడే బాధ్యత నాకు అప్పగించారు.

సంఘం వాళ్లు ఒక నమూనా ప్రసంగం పంపారు. ఎక్కడ చదివారు, ఏ ఏడాది ఏ పదవిలో ఉన్నారు, ఎన్ని పరిశోధనా పత్రాలు రాశారు, ఎంతమందికి పీహెచ్‌డీ గైడ్‌గా ఉన్నారు, ఏయే కమిటీల్లో సభ్యురాలు. అన్నీ నిజాలే. కానీ అదంతా విన్నాక కూడా ఆవిడ ఏం చేశారో ఎవరికీ తెలియదు. హాల్లో సగానికి పైగా స్టాటిస్టిక్స్‌తో సంబంధం లేనివాళ్లే ఉంటారు. డాక్టర్లు, నర్సులు, అధికారులు, మేడమ్ కుటుంబం.

మేడమ్ పని చాలావరకు క్లినికల్ ట్రయల్స్‌లోనే, అంటే మందుల్ని రోగుల మీద పరీక్షించే అధ్యయనాల్లో. ట్రయల్ డిజైన్ ఒకటి, రోగుల భద్రత చూసే డేటా మానిటరింగ్ కమిటీలు ఇంకొకటి, మధ్యలో మానేసిన రోగుల్ని లెక్కలోకి ఎలా తీసుకోవాలన్న సిద్ధాంతం మరొకటి. ఇందులో ఏదీ బయటికి కనిపించదు. ఒక మందు హాని చేస్తోందని వేళకి తెలిసి ట్రయల్ ఆగిపోతే, ఆ మందు మింగకుండా తప్పించుకున్నవాళ్లకి ఆ సంగతే తెలియదు కదా. దీన్ని ఎనిమిది నిమిషాల్లో ఎలా చెప్పాలి? ఇలాంటి సభల్లో మాట్లాడినవాళ్లు, కూర్చుని విన్నవాళ్లు దయచేసి సలహా ఇవ్వండి. ఆవిడ మీద నాకున్న గౌరవానికి తగ్గట్టు చెప్పాలని ఉంది.

మధ్యగతం

ముందుగా మీ మేడమ్‌కి నమస్కారాలు, మీకు అభినందనలు. ఆ బయోడేటా మొత్తం ఒక కాగితం మీద అచ్చు వేయించి ప్రతి బల్ల మీదా పెట్టించండి. చదువుకునేవాళ్లు చదువుకుంటారు. మీరు నోటితో చెప్పాల్సింది వేరే.

ఒకే ఒక్క సమస్య ఎంచుకోండి. అది ఎక్కడ పుట్టింది, ఎవరు అడిగారు, ఆవిడ దాన్ని ఎలా పట్టుకున్నారు, అంతే. స్టాటిస్టీషియన్ సి.ఆర్. రావు గారికి 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చినప్పుడు చాలామంది ఆయన బిరుదులూ పతకాలూ వరుసగా రాశారు. నాకు మాత్రం ఆయన స్వయంగా చెప్పుకున్న ఒక సంగతి మనసులో నిలిచిపోయింది. 1940ల్లో కలకత్తాలో పాఠం చెబుతూ, డేటా చాలా ఎక్కువగా ఉన్నప్పుడు ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో స్టాటిస్టీషియన్ ఫిషర్ ఇచ్చిన ఫలితాన్ని వివరిస్తున్నారు. వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి లేచి, డేటా కొంచెమే ఉన్నప్పుడు కూడా ఇలాంటిది చెప్పగలమా అని అడిగాడు. రావు గారు ఇంటికెళ్లి రాత్రంతా కూర్చుని దాన్ని సాధించి, మర్నాడు క్లాసులో చెప్పారు. 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయిన పత్రంలో ఉన్నది ఆ ఫలితమే. ఇవాళ క్రామర్-రావు హద్దు అంటున్నాం.

దీని అర్థం ఎవరికైనా చెప్పొచ్చు. ఒక పక్కకి ఒరగని అంచనా ఏదైనా సరే, ఉన్న డేటాతో దాని అనిశ్చితి ఇంతకంటే తగ్గదు అని గీసిన గీత అది. ఎంత తెలివైనవాడు లెక్క కట్టినా ఆ గీత కిందికి పోలేడు. ఒక కుర్రవాడి ప్రశ్న, ఒక మాస్టారి రాత్రి మేలుకోవడం. ఇది విన్నవాళ్లు ఆ మనిషిని మర్చిపోరు. మీ మేడమ్ జీవితంలో అలాంటి ప్రశ్న ఏది? ముందు అది వెతకండి.

మైకు_బాధ్యత

స్టాటిస్టిక్స్ గురించి నేను చెప్పేదేమీ లేదు, సభలు నడిపే పని నాది. ప్రసంగం, పురస్కారం రెండూ భోజనానికి ముందే పెట్టించండి. తిన్నాక మాట్లాడితే సగం మంది ఫోన్లో ఉంటారు, పెద్దవాళ్లు ఇంటికి బయల్దేరుతుంటారు. దూరం నుంచి వచ్చే వీడియో సందేశాలు రెండు మించకూడదు, ఒక్కోటి నిమిషం. ఎన్ని వచ్చినా మిగిలినవి మేడమ్‌కి విడిగా పంపండి. వడ్డన మొదలయ్యే వేళ ఒకటే చెప్పుకుని, మాట్లాడుతున్నంతసేపు ప్లేట్ల చప్పుడు ఉండకూడదని కేటరింగ్ వాళ్లతో ముందే గట్టిగా మాట్లాడుకోండి. ఇది చిన్న విషయం అనుకుంటారు, కానీ చాలా మంచి ప్రసంగాలు ఈ చప్పుడులోనే పోయాయి.

వార్డు_డాక్టర్

యాదృచ్ఛిక గారూ, నేను గుండె డాక్టర్‌ని. మీరు రాసిన 'బయటికి కనిపించదు' అన్న మాట చదివాక ఊరుకోలేకపోయాను. మా రంగంలో ఇది కళ్లకు కట్టినట్టు చూపించే ట్రయల్ ఒకటుంది. కార్డియాక్ అరిత్మియా సప్రెషన్ ట్రయల్. క్లుప్తంగా కాస్ట్ అంటాం.

గుండెపోటు నుంచి కోలుకున్నవాళ్లలో కొందరికి గుండె మధ్య మధ్యలో తాళం తప్పి కొట్టుకుంటుంది. అలాంటివాళ్లకి అకాల మరణం ఎక్కువని తెలుసు. తాళం సరిచేసే మందులు ఉన్నాయి, వాటితో ఈసీజీ నిజంగానే మెరుగుపడేది. కాబట్టి ప్రాణం నిలుస్తుందని అందరూ నమ్మారు, మందులు రాశారు. ఆ నమ్మకాన్ని పరీక్షకి పెట్టారు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందుల భాగాన్ని 1989లో మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. 1991లో వచ్చిన పూర్తి నివేదికలో మందు తీసుకున్న 755 మందిలో 63 మంది చనిపోయారు. ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 743 మందిలో 26 మంది.

ఆలోచించండి. ఏ డాక్టరూ తన వార్డులో ఈ తేడా చూడలేడు. రోగి చనిపోతే గుండెజబ్బుతో పోయాడనే అనుకుంటాం, మందు వల్ల అనుకోం. ఈసీజీ బాగుపడింది కూడా కదా! రోగుల్ని ర్యాండమ్‌గా రెండు గుంపులుగా పంచి, పక్కపక్కన పెట్టి, వరుసగా లెక్కపెడుతూ పోయినవాళ్లకే అది కనబడింది. మీ మేడమ్ జీవితం ఆ కుర్చీలో గడిచింది. హాల్లో ఉన్న డాక్టర్లకి ఈ ఒక్క ఉదాహరణ చెప్పండి, మేం నిటారుగా కూర్చుంటాం.

స్టాట్స్_విద్యార్థి

నేను ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం. ఒక సందేహం అడగొచ్చా? మానిటరింగ్ కమిటీ అంత ముఖ్యమైనప్పుడు ప్రతి నెలా డేటా చూసి, తేడా రాగానే ఆపేస్తే సరిపోతుంది కదా. దానికి ప్రత్యేకంగా సిద్ధాంతం ఎందుకు?

యాదృచ్ఛిక

డాక్టర్ గారూ, చాలా థ్యాంక్స్. నాకు కావాల్సిన తలుపు మీరు తెరిచారు.

విద్యార్థి గారూ, మేడమ్ మాకు చెప్పిన మొదటి పాఠం ఇదే కాబట్టి సంతోషంగా జవాబిస్తాను. రెండు మందుల మధ్య నిజంగా ఏ తేడా లేదనుకోండి. చివర్లో ఒక్కసారే చూసి 5 శాతం గీత దగ్గర తీర్పు చెబితే, లేని తేడా ఉన్నట్టు పొరపడే అవకాశం నూటికి 5. అదే గీతతో మధ్యలో కూడా కలిపి మొత్తం ఐదుసార్లు చూస్తే అది నూటికి సుమారు 14కి పెరుగుతుంది. పదిసార్లయితే 19. చూసిన ప్రతిసారీ కాకతాళీయంగా గీత దాటే అవకాశం పెరుగుతూ పోతుంది. అందుకే 1977లో పోకాక్, 1979లో ఓబ్రయన్, ఫ్లెమింగ్ అనే స్టాటిస్టీషియన్లు వేర్వేరు గీతలు ప్రతిపాదించారు. ఓబ్రయన్-ఫ్లెమింగ్ పద్ధతిలో మొదట్లో చాలా బలమైన ఆధారం ఉంటేనే ఆపాలి, చివరికి వచ్చేసరికి గీత మామూలు స్థాయికి దగ్గరవుతుంది.

తొందరపడి ఆపితే మంచి మందు అర్ధాంతరంగా పోవచ్చు, లేదా పనికిరాని మందు గొప్పదై కూర్చోవచ్చు. ఆలస్యం చేస్తే మనుషులు పోతారు. ఆ రెండింటి మధ్య కూర్చోవడమే మేడమ్ ఉద్యోగం.

ఇంకోటి చెప్పాలి. కమిటీకి వెళ్లే నివేదికలో మందుల పేర్లుండవు, 'ఎ', 'బి' అనే రెండు నిలువు గడులు ఉంటాయి. నివేదిక చేతికి రాగానే మిగతావాళ్లు మరణాల పట్టిక తెరుస్తారు. మేడమ్ మాత్రం మానేసినవాళ్ల పట్టిక తెరిచేవారు. మా దగ్గర డ్రాఫ్ట్ ఉన్నప్పుడు పెన్సిల్‌తో దాని పక్కన ఇంకో గడి గీసి, పైన 'ఎందుకు రాలేదు?' అని రాసేవారు. ఆ గడి నింపకుండా నివేదిక పైకి పంపనిచ్చేవారు కాదు. మేం సెంటర్లకి ఫోన్లు చేసి, నర్సుల్ని అడిగి నింపేవాళ్లం. కొన్నిసార్లు 'ఊరు మారారు' అని ఉండేది. కొన్నిసార్లు 'నీరసంగా ఉందని మానేశారు' అని. ఆ రెండూ ఒకటి కాదని నాకు నేర్పింది ఆ పెన్సిల్ గడే.

మధ్యగతం

ఇదేనండీ! మీరు వెతుకుతున్న ప్రశ్న దొరికింది. 'ఎందుకు రాలేదు?' దాని చుట్టూ ప్రసంగం కట్టండి.

సర్వే_మనిషి

బాగుంది. మొదట్లో స్టాటిస్టీషియన్ అబ్రహాం వాల్డ్ విమానాల కథ పెడితే ఎలా ఉంటుంది? రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగొచ్చిన విమానాల మీద తూటా రంధ్రాలు ఎక్కడున్నాయో చూసి, అక్కడ కవచం వేద్దామని సైన్యాధికారులు అంటే, వాల్డ్ 'రంధ్రాలు లేనిచోట వేయండి, అక్కడ తగిలినవి తిరిగి రాలేదు' అన్నాడంటారు. మేడమ్ అడిగిన ప్రశ్నకి ఇది అచ్చంగా సరిపోతుంది. రానివాళ్ల గురించే కదా రెండూ.

పాత_సంచిక

సరిపోతుంది, కానీ చెప్పే తీరులో జాగ్రత్త. వాల్డ్ 1943లో కొలంబియా విశ్వవిద్యాలయంలోని స్టాటిస్టికల్ రీసెర్చ్ గ్రూప్ కోసం రాసిన మెమోలు ఉన్నాయి. తిరిగొచ్చిన విమానాల దెబ్బల్ని బట్టి, ఏ భాగానికి తగిలితే విమానం కూలే అవకాశం ఎంత అని అంచనా వేసే పద్ధతి వాటిలో ఉంది. నిండా గణితం. అధికారులతో ఆ వాదన, చివర్లో ఆ మెరుపు లాంటి జవాబు ఆ మెమోల్లో లేవు. ఎర్ర చుక్కల విమానం బొమ్మ కూడా ఈ మధ్య కాలంలో గీసిందే. స్టాటిస్టీషియన్లు కూర్చున్న హాల్లో, ఆధారాల విషయంలో అంత పట్టుదల ఉన్న ఆవిడ ముందు, అతికించిన సంభాషణ చెప్పడం నాకు నచ్చదు. చెప్పాలనుకుంటే 'తిరిగి రాని విమానాల్ని లెక్కలోకి తెచ్చే పద్ధతి వాల్డ్ రాశాడు' అని ఒక్క వాక్యం చాలు. అది పూర్తిగా నిజం, నాకైతే కథకంటే అదే గొప్పగా అనిపిస్తుంది.

సర్వే_మనిషి

ఒప్పుకుంటున్నాను. ఆ ఒక్క వాక్యమే మేలు.

నా అసలు మాట ఇది. ఆ పెన్సిల్ గడి నింపింది ఎవరు? ఫోన్లు చేసిన డేటా టీమ్, రోగిని వెతుక్కుంటూ వెళ్లిన నర్సులు, ఫాలో-అప్ ఫారాలు పూరించినవాళ్లు. నేను ఇంటింటి సర్వేల్లో పనిచేశాను. తాళం వేసిన ఇంటికి మళ్లీ మళ్లీ వెళ్లడం ఎంత కష్టమో తెలుసు. పురస్కార సభల్లో ఈ జనానికి ఆహ్వానమే ఉండదు. ఉన్నా చివరి బల్ల. మేడమ్‌తో పనిచేసిన డేటా మేనేజర్లని, ట్రయల్ నర్సుల్ని పిలిపించండి. ముందు వరసలో, కుటుంబం పక్క బల్ల వాళ్లదే కావాలి. సంఘం వాళ్లు ప్రోటోకాల్ అంటే మీరు గట్టిగా నిలబడండి. ప్రసంగంలో వాళ్ల గురించి ఒక్క ముక్క ఉన్నా, ఆ కుర్చీలు దానికంటే ఎక్కువ చెబుతాయి.

రెసిడ్యువల్

నాది కొంచెం వేరే మాట. అందరూ కథ, కథ అంటున్నారు. కానీ ఆవిడ సిద్ధాంతకర్త కూడా కదా. తోటి స్టాటిస్టీషియన్లు దశాబ్దాల పరిచయంతో వస్తారు. ఆవిడ గణితం గురించి ఒక్క మాట లేకుండా 'పట్టుదల గల మంచి మనిషి' అని చెప్పి కూర్చుంటే అది ఆవిడకి అన్యాయం. మగ ప్రొఫెసర్ల గురించి చెప్పేటప్పుడు సిద్ధాంతాలు, ఆడవాళ్ల గురించి చెప్పేటప్పుడు ఓపిక, ఆప్యాయత. ఇది నేను చాలా సభల్లో చూశాను, ప్రతిసారీ బాధగానే ఉంటుంది.

లోపించిన డేటా (మానేసినవాళ్ల లాంటివాళ్ల దగ్గర్నుంచి రాని సమాచారం) గురించి రూబిన్ 1976లో వేసిన పునాది, అలాంటి డేటాతో అంచనా కట్టడానికి 1977లో డెంప్‌స్టర్, లెయిర్డ్, రూబిన్ కలిసి ఇచ్చిన ఈఎమ్ ఆల్గొరిథమ్ అనే పద్ధతి, 1982లో లెయిర్డ్, వేర్ ఒకే వ్యక్తిని పదేపదే కొలిచిన డేటా కోసం రాసిన మోడల్. మీ మేడమ్ పని ఈ దారిలోనిదే అయితే, ఆ దారి ఏమిటో, అందులో ఆవిడ వేసిన అడుగు ఏమిటో చెప్పండి. నాన్ లెయిర్డ్‌కి 2021లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇచ్చింది ఈ కోవలోని పనికే.

మధ్యగతం

రెసిడ్యువల్ గారి మాట నూటికి నూరు పాళ్లు నిజం. కథ, సిద్ధాంతం ఒకదానికొకటి పోటీ కావు. సిద్ధాంతాన్ని మామూలు మాటల్లో చెప్పలేమన్న భయం వల్ల కథలోకి పారిపోతాం. చెప్పొచ్చు. ఆ ప్రైజ్ 2017లో మొదటిసారి ఇచ్చింది డేవిడ్ కాక్స్‌కి, 1972లో ఆయన రాసిన మోడల్‌కి. దాన్ని ఇలా చెబుతాను: 'ఒక జబ్బులో కాలం గడిచేకొద్దీ ప్రాణాపాయం ఎలా మారుతుందో మనకి తెలియకపోయినా, ఒక చికిత్స ఆ ప్రమాదాన్ని ఎన్ని రెట్లు పెంచుతుందో తగ్గిస్తుందో మాత్రం తేల్చుకోవచ్చు.' తెలియనిదాన్ని తెలియనట్టే పక్కన ఉంచి, కావాల్సినదాన్ని బయటికి లాగడం. అందులోని అందం లెక్కలు రానివాళ్లకీ అందుతుంది. స్టాటిస్టీషియన్ ఎఫ్రాన్‌కి అదే ప్రైజ్ 2019లో వచ్చింది 1979 నాటి బూట్‌స్ట్రాప్ అనే పద్ధతికి. ఉన్న ఒక్క శాంపిల్ నుంచే మళ్లీ మళ్లీ శాంపిళ్లు తీసి, మన అంచనా ఎంత ఊగిసలాడుతుందో చూడటం. ఇదీ రెండు వాక్యాల పనే.

రెండు నిమిషాలు సిద్ధాంతానికి కేటాయించండి. వాటిని మాత్రం బాగా సాధన చేయండి.

యాదృచ్ఛిక

రెసిడ్యువల్ గారూ, మీరు చెప్పింది గుండెకి తగిలింది. సంఘం పంపిన నమూనాలో 'ఆ విభాగానికి అధిపతి అయిన తొలి మహిళ' అన్నది మొదటి వాక్యం. దాన్ని ఉంచాలా తీసేయాలా?

పాత_సంచిక

నిజమైతే ఉంచండి, కానీ మొదటి వాక్యంగా వద్దు, ఒక్కసారి చెప్పి పనిలోకి వెళ్లిపోండి. అమెరికన్ స్టాటిస్టీషియన్ గెర్ట్రూడ్ కాక్స్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1940లో నార్త్ కరోలినాలో కొత్తగా పెట్టే స్టాటిస్టిక్స్ విభాగానికి అధిపతిగా పనికొచ్చే మగవాళ్ల పేర్లు ఆవిడ పైఅధికారి స్నెడెకర్ రాసి, పంపే ముందు ఆవిడకి చూపించాడు. 'నా పేరెందుకు లేదు?' అని ఆవిడ అడిగింది. అప్పుడు ఉత్తరం అడుగున, ఆడవాళ్లని కూడా పరిశీలించేటట్టయితే గెర్ట్రూడ్ కాక్స్‌ని సిఫారసు చేస్తానని ఒక వాక్యం చేర్చాడు. ఉద్యోగం ఆవిడకే వచ్చింది. తర్వాత 1956లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్‌కి అధ్యక్షురాలు అయింది. ఇందులో నాకు నచ్చేది 'తొలి' అన్న బిరుదు కాదు, అడిగిన ఆ ప్రశ్న. మీ మేడమ్ కూడా ఎక్కడో అలా అడిగి ఉంటారు. తెలిస్తే, ఆవిడకి అభ్యంతరం లేకపోతే, అది చెప్పండి.

లెక్కల_ఇల్లు

నేను స్టాటిస్టీషియన్‌ని కాదు, ఒక స్టాటిస్టీషియన్ కూతుర్ని. నాన్నకి కూడా ఇలాంటి విందు జరిగింది. చాలామంది మాట్లాడారు, అందరూ ఆయన్ని పొగిడారు. తిరిగి వస్తుంటే కారులో అమ్మ 'ఇంతకీ మీ నాన్న ఏం కనిపెట్టారే?' అని నన్నడిగింది. ఇన్నేళ్ల కాపురం తర్వాత, అంత పెద్ద సభ తర్వాత కూడా ఆవిడకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. మాట్లాడినవాళ్లంతా ఒకరికొకరు చెప్పుకున్నారు.

మీ మేడమ్ భర్త, పిల్లలు, తోడబుట్టినవాళ్లు అక్కడ ఉంటారు. రాత్రిళ్లు ఆవిడ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే ఏం చేస్తున్నారో వాళ్లకి తెలిసి ఉండదు. మానిటరింగ్ కమిటీ సంగతులు ఇంట్లో కూడా చెప్పకూడదట కదా. ఆ మౌనం ఎందుకో ఇవాళైనా వాళ్లకి తెలియాలి. ప్రసంగం రాశాక ఇంట్లో ఈ రంగం తెలియని ఒకరికి చదివి వినిపించండి, విన్నాక 'ఆవిడ ఏం చేశారు?' అని అడగండి. సరైన జవాబు వస్తే చాలు.

కుటుంబం త్యాగాల గురించి మీ అంతట మీరు మాట్లాడకండి. అది మేడమ్ చెప్పుకోవాల్సిన విషయం.

వార్డు_డాక్టర్

లెక్కల ఇల్లు గారు చెప్పిన మౌనం గురించి ఒక మాట. ట్రయల్ నడుస్తుండగా 'ఎ', 'బి' పట్టికలు చూసేది కమిటీ, దానికి నివేదిక తయారుచేసే స్టాటిస్టీషియన్ బృందం మాత్రమే. చికిత్స చేసే మాకు తెలియదు, డబ్బు పెట్టినవాళ్లకి తెలియకూడదు. ఒక గడిలో మరణాలు కాస్త ఎక్కువగా ఉన్నాయి, కానీ గీత దాటలేదు. ఆ బరువు మోస్తూ, మర్నాడు కారిడార్‌లో నేను ఎదురుపడితే ఏమీ తెలియనట్టు పలకరించాలి. నేను ఇలాంటి కమిటీలో ఒకసారి కూర్చున్నాను. ఆ టెన్షన్ నాకు తెలుసు. దశాబ్దాల పాటు దాన్ని మోసినవాళ్లకి ఏ పురస్కారమైనా తక్కువే.

యాదృచ్ఛిక

మీ అందరి మాటలూ పక్కన పెట్టుకుని రాశాను. మొదటి భాగం ఇది. దాచుకోకుండా లోపాలు చెప్పండి.

'ఒక ట్రయల్ మొదలైన రోజున వెయ్యి మంది రోగులు ఉన్నారనుకోండి. రెండేళ్లకి ఎనిమిది వందల మంది మిగిలారు. ఆ ఎనిమిది వందల మందీ బాగున్నారు. మందు పనిచేసిందని చప్పట్లు కొట్టేయొచ్చు. మా మేడమ్ అప్పుడు చెయ్యెత్తి, మిగతా రెండు వందల మంది ఎందుకు రాలేదని అడుగుతారు. జబ్బు ముదిరి రాలేదా? మందు పడక మానేశారా? వేరే ఊరు వెళ్లిపోయారా? వాళ్లు వెళ్లిపోయిన కారణాన్ని బట్టి, మిగిలినవాళ్లు చెప్పే మాట నిజం కావచ్చు, కాకపోవచ్చు. రానివాళ్లని మర్చిపోకుండా లెక్క కట్టే పద్ధతుల్లో కొన్నిటికి మేడమ్ గణితం రాశారు. ఆ గణితం వాడి, హాని చేసే మందుల ట్రయల్స్‌ని మధ్యలో ఆపేశారు.'

దీని తర్వాత కాస్ట్ ఉదాహరణ, తర్వాత సిద్ధాంతం రెండు నిమిషాలు, తర్వాత పెన్సిల్ గడి, డేటా టీమ్.

రెసిడ్యువల్

చాలా బాగా వచ్చింది. రెండు సవరణలు.

ఒకటి, 'రెండు వందల మంది' అని కలిపి చెబితే అసలు విషయం జారిపోతుంది. రెండు గుంపుల్లోనూ వందేసి మంది ఒకేలాంటి కారణాలతో మానేస్తే పోలిక అంతగా చెడదు. మందు గుంపులో నూట అరవై, ఉత్తుత్తి మాత్ర గుంపులో నలభై అయితే అప్పుడు గుండె దడ మొదలవ్వాలి. 'ఎటువైపు నుంచి ఎంతమంది, ఎందుకు' అని చెప్పండి. వినేవాళ్లకి అర్థమవుతుంది, మా లాంటివాళ్లకి మీరు సరిగ్గా చెప్పారని తెలుస్తుంది.

రెండు, 'ట్రయల్స్‌ని ఆపేశారు' అనకండి. స్టాటిస్టీషియన్ ఒక్కరే ఆపరు. కమిటీ చర్చించి సిఫారసు చేస్తుంది, ట్రయల్ నడిపేవాళ్లు ఆపుతారు. ఆ నిర్ణయానికి ఆధారం ఆవిడ వాళ్ల ముందు పెట్టారు. ఇంత మందిలో ఆవిడే లేచి సరిదిద్దే పరిస్థితి తేకండి.

మైకు_బాధ్యత

చెవితో వినేటప్పుడు అంకెలు నిలవవు. కాస్ట్ అంకెలు చెప్పేటప్పుడు 755, 743 వదిలేయండి. 'రెండు వైపులా ఇంచుమించు సమానంగా మనుషులు. ఒకవైపు 26 మరణాలు, ఇంకోవైపు 63' అని చెప్పి ఒక క్షణం ఆగండి. పూర్తి అంకెలు బల్ల మీది కాగితంలో వేయండి. పురస్కారం అందుకునేటప్పుడు మేడమ్ మెట్లెక్కాల్సిన అవసరం లేకుండా, ఆవిడ కుర్చీ దగ్గరికే మైకు వచ్చేలా చూడండి. ఇలాంటి పురస్కారాలు అందుకునేవాళ్లు చాలావరకు పెద్ద వయసువాళ్లే.

పాత_సంచిక

వయసు మాట వచ్చింది కాబట్టి. రావు గారికి ఆ ప్రైజ్ ప్రకటించేనాటికి 102 ఏళ్లు. 2023 జులైలో ఒట్టావా ప్రపంచ స్టాటిస్టిక్స్ కాంగ్రెస్‌లో ప్రదానం, ఆగస్టు 22న ఆయన కన్నుమూశారు. మొదటి గ్రహీత డేవిడ్ కాక్స్‌కి ప్రైజ్ వచ్చేనాటికి తొంభై దాటాయి. ఆ ప్రైజ్ మొదలైందే అప్పుడు కాబట్టి వాళ్లకి ముందు ఇచ్చే వీలు లేదు, నిజమే. కానీ మన సంఘాలకి ఆ సాకు లేదు. ఆరోగ్యంగా ఉండి, విని సంతోషించగలిగే వయసులో మీ మేడమ్‌ని గౌరవిస్తున్నందుకు మీ సంఘాన్ని మెచ్చుకోవాలి.

యాదృచ్ఛిక

నిన్న విందు జరిగింది. ఆలస్యం చేయకుండా మీకే ముందు చెప్పాలనిపించింది.

డేటా టీమ్‌కి ముందు వరసలో బల్ల వేయించాం. మొదట కాస్త అభ్యంతరం వచ్చింది కానీ, అధ్యక్షుల వారికి విషయం వివరిస్తే ఆయనే తన బల్ల వెనక్కి జరిపించుకున్నారు. ప్రసంగం ఏడున్నర నిమిషాల్లో అయిపోయింది. '26, 63' దగ్గర ఆగినప్పుడు హాల్లో చిన్న కదలిక కూడా లేదు. సిద్ధాంతం చెప్పేటప్పుడు గొంతు వణికింది, అయినా ఎక్కడా తడబడలేదు. తర్వాత మేడమ్ తమ్ముడు గారు వచ్చి, ఎవరూ అడగకుండానే, 'అంటే అక్క రానివాళ్ల తరఫున లెక్క కట్టింది' అన్నారు. లెక్కల ఇల్లు గారూ, మీరు పెట్టమన్న పరీక్ష అక్కడే పాసయ్యాను.

మేడమ్ తన స్పందనలో నన్ను పొగడలేదు, పురస్కారం గురించి కూడా రెండు ముక్కలే. మిగిలిన సమయమంతా డేటా టీమ్‌లో ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, ఎవరు ఏ ట్రయల్‌లో ఏ తప్పు పట్టుకున్నారో చెప్పారు. నాకు తెలియనివి ఎన్నో ఉన్నాయి అందులో. ఆ మాటలు రికార్డ్ చేశాం, అనుమతి తీసుకుని సంఘం వాళ్లు రాతలోకి తెస్తున్నారు.

వార్డు_డాక్టర్

చదువుతుంటే నేనూ అక్కడ ఉంటే బాగుండేదనిపించింది. మేడమ్‌కి నా నమస్కారం చెప్పండి.

స్టాట్స్_విద్యార్థి

ఈ చర్చ చదివాక లోపించిన డేటా మీద ప్రాజెక్ట్ చేద్దామని మా గైడ్‌ని అడిగాను, ఒప్పుకున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

రెసిడ్యువల్

రూబిన్ 1976 పత్రంతో మొదలుపెట్టండి, చిన్నదే. మొదటిసారి అంతా అర్థం కాకపోయినా వదలకండి. ఆ తర్వాత లెయిర్డ్, వేర్ 1982. చదవడంతో పాటు, మీ కాలేజీలో ఎవరైనా డాక్టర్లతో కలిసి పనిచేస్తుంటే వాళ్ల ఫాలో-అప్ ఫారాలు చూపించమని అడగండి. మానేసినవాళ్ల దగ్గర కారణం రాసే గడి ఉందో లేదో చూడండి. లేకపోతే మీ ప్రాజెక్ట్‌లో మొదటి పని అదే.